మిషను డబ్బాలో వేసిన బియ్యం మిషనుకే చేరాలి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లోని తెలుగు బాప్టిస్టు సంఘాల పాస్టరు గార్లకు, డీకన్లకు, ఫీల్డ్ కమిటీల పెద్దలకు, ఆదివారం కానుక పళ్లెంలో డబ్బు వేసే ప్రతి సంఘ సభ్యుడికీ, సభ్యురాలికీ

ప్రభువు నామంలో వందనాలు.

కందుకూరు వైపు ఒక పల్లె సంఘంలో స్త్రీల సమాజానికి 14 ఏళ్లు కోశాధికారిగా చేసినదాన్ని నేను. మిషనుకు, అంటే సువార్త సేవకు, మేం తీసిపెట్టిన బియ్యం డబ్బు వేరే పనికి ఖర్చయిన విషయం మీద పై కమిటీకి ఇప్పటికి మూడు ఉత్తరాలు రాశాను. మొదటిది చేతికే ఇచ్చాను. రెండోది రిజిస్టర్ పోస్టులో పంపాను. మూడోదానికి సంతకం పెట్టిన అక్‌నాలెడ్జ్‌మెంట్ కార్డు తిరిగొచ్చింది గానీ జవాబు రాలేదు. పద్దెనిమిది నెలలు ఎదురుచూశాక అందరికీ తెలిసేలా ఇది రాస్తున్నాను. ఏ కమిటీ అన్నది చెప్పను, ఎవరి పేరూ ఎత్తను. ఒకరిని నలుగురిలో నిలబెట్టాలని నాకు లేదు. పైగా ఇది ఒక్కచోట జరిగిన పని కాదని వేరే సంఘాల అక్కచెల్లెళ్లు చెబుతుంటే తెలిసింది.

జరిగింది చెబుతాను.

మా సమాజంలో 43 మందిమి. ఎక్కువ మంది పొలం కూలికి పోయేవాళ్లు, సీజన్లో పొగాకు గ్రేడింగ్‌కు పోయేవాళ్లు. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీసి విడిగా డబ్బాలో వేస్తాం. మిజోరంలో సంఘపు స్త్రీలు 1910 నుంచి ఇలా పూటకో గుప్పెడు తీసిపెడుతున్నారని ఒక కూటంలో విని మేమూ మొదలుపెట్టాం. నెలకోసారి అన్ని డబ్బాలూ చర్చి వరండాలో కుమ్మరించి వేలం పాట పెడతాం. ఎవరు పాడుకుంటే వాళ్లు డబ్బు కట్టి బియ్యం తీసుకెళతారు. కోత పండుగనాడు కోడిపుంజు, గుమ్మడికాయ, బుట్టెడు వేరుశనగ, ఏదొస్తే అది కలుపుతాం. ఎనిమిదేళ్లలో ఇలా చేరింది 2,61,400 రూపాయలు. ఒక్కో రూపాయి ఏ నెలలో ఎవరి డబ్బా నుంచి వచ్చిందో నా నోటు పుస్తకంలో ఉంది.

ఆ డబ్బుకు మేం తీర్మానం రాశాం. ఒడిశా కొండ పల్లెలకు సేవకు వెళ్లడానికి ముందుకొచ్చిన ఒక యువ దంపతులకు నెలకు 8,000 చొప్పున రెండేళ్లు, అంటే 1,92,000. మిగిలిన 69,400తో గల్ఫ్‌లో పనిచేసే మన ఆడవాళ్ల కోసం పెద్ద అక్షరాలతో రెండు చిన్న పుస్తకాలు, తేలిక తెలుగులోకి అనువాదం చేయించి అచ్చు వేయించడం. డబ్బు పై కమిటీకి అప్పజెప్పి రసీదు తీసుకున్నాం. ఆ దంపతులకు అయిదు నెలలు డబ్బు వెళ్లింది. ఆ తర్వాత ఆగిపోయింది. మిగిలిన 2,21,400 కాంపౌండ్ గోడకూ గేటుకూ ఖర్చయిందని తర్వాత తెలిసింది. గోడ అవసరం లేదని నేననను. కాంపౌండు స్థలాలు ఎలా చేజారిపోతున్నాయో నాకూ తెలుసు. అయితే గోడకు వేరే చందా ఎత్తి ఉండాల్సింది. మేం బియ్యం తీసిపెట్టింది గోడకు కాదు.

ఇది డబ్బు లెక్క ఒక్కటే అయితే ఇంత బాధ ఉండేది కాదు. మనం ఎక్కణ్నుంచి వచ్చామో మరిచిపోయామేమో అన్నది నా బాధ.

1840లో అమెరికా బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే గారు నెల్లూరు వచ్చి మిషను పెట్టారు. ఏళ్లు గడిచినా వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే విశ్వాసులయ్యారు. 1853లో అమెరికాలో ఆల్బనీ అనే ఊళ్లో బాప్టిస్టు మిషను వాళ్లు సభ పెట్టుకుని, ఇంత ఖర్చు పెట్టి ఫలం లేని నెల్లూరును ఇక మూసేద్దామా అని మాట్లాడుకున్నారు. పటం మీద మన చోటు ఒక్కటే ఒంటరి చుక్కలా ఉందట. అందుకే ‘లోన్ స్టార్’ అన్న పేరు పడింది. మూసేయకుండా వాళ్లు పంపుతూనే వచ్చారు. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద మిషనరీ జ్యూయెట్ దంపతులతో పాటు మోకరించిన ముగ్గురు తెలుగు విశ్వాసుల్లో జూలియా, రూతు అనే ఇద్దరు స్త్రీలున్నారు. ఆ కొండను ఇప్పటికీ ప్రార్థన కొండ అంటాం. ఆ ప్రార్థన తర్వాత ఒంగోలుకు మిషనరీగా క్లౌ దొరగారు రావడానికి 12 ఏళ్లు పట్టింది. ఆ 12 ఏళ్లూ సముద్రం అవతల పేదా గొప్పా అందరూ తమ సంఘాల్లో కానుకలు వేస్తూనే ఉన్నారు. మధ్యలో ఎవరైనా ఆ డబ్బుతో తమ ఊరి చర్చికి గోడ కట్టుకుని ఉంటే ఈ ఉత్తరం చదివే మనలో ఎంతమంది ఈవేళ ఈ సంఘాల్లో ఉండేవాళ్లం?

మనం తీసుకున్నవాళ్లమే కాదు, ఇచ్చినవాళ్లం కూడా. ఈ సంగతి మన పిల్లలకు అసలు చెప్పడం లేదు. 1860 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు చెరకు తోటల కూలీలుగా వెళ్లిన వాళ్లలో తెలుగువాళ్లు ఎందరో. వాళ్ల మధ్య సేవ చేయడానికి 1903లో జాన్ రంగయ్య గారిని ఇక్కణ్నుంచి పంపించారు. పంపింది అమెరికా వాళ్లు కాదు. తెలుగు బాప్టిస్టు సంఘాలు పెట్టుకున్న హోం మిషన్ సొసైటీ. ఆ ఏడాది డిసెంబరు చివర్లోనే నాటాల్‌లోని కియర్స్నీ తేయాకు తోటల్లో తెలుగు బాప్టిస్టు సంఘం ఏర్పడింది. ఆ రోజుల్లో మన సంఘాల వాళ్లు ఎంత పేదలో తలుచుకోండి. పాతికేళ్ల కిందటే పెద్ద కరువు చూసిన జనం. చాలామందికి సొంత సెంటు భూమి లేదు. అలాంటివాళ్లు సముద్రం దాటించి ఒక కుటుంబాన్ని పంపారు. మనకు ఈవేళ పక్కా ఇళ్లున్నాయి, ఉద్యోగాలున్నాయి, ఒక కుటుంబాన్ని రాష్ట్రం దాటించి రెండేళ్లు నిలబెట్టలేకపోయాం.

అందుకని, జరిగిన దానివల్ల మామూలు మనుషులకు ఏమైందో, ఇక మీదట ఏం జరగాలని మేం కోరుతున్నామో వరసగా రాస్తున్నాను.

1. పంపిన వాళ్ల జీతం. డబ్బు ఆగిపోయాక ఆ దంపతులు వెంటనే తిరిగి రాలేదు. అప్పు చేసి ఇంకో ఏడు నెలలు అక్కడే ఉన్నారు. ఆ అమ్మాయి కమ్మలు అమ్మేసింది. నాలుగేళ్ల పాపకు రెండుసార్లు మలేరియా వచ్చింది. రెండోసారి ఆసుపత్రికి తీసుకెళ్లడానికి జీపు కిరాయి కూడా లేక పల్లెలో ఒక ముసలాయన దగ్గర తీసుకున్నారు. సేవ చేయడానికి వెళ్లినవాళ్లు సేవ పొందాల్సినవాళ్ల దగ్గర చెయ్యి చాపాల్సి వచ్చింది. చివరికి తిరిగొచ్చేశారు. ఆ అబ్బాయి ఇప్పుడు చీమకుర్తి దగ్గర గ్రానైట్ ఫ్యాక్టరీలో పనికి పోతున్నాడు. పాపను చూడటానికి వెళ్లినప్పుడు అతను నాతో ఒక్క మాటే అన్నాడు: “అమ్మా, నేను వాళ్ల భాష నేర్చుకోవడం అప్పుడప్పుడే మొదలైంది.” ఆ మాట నన్ను ఇంకా నిద్రపోనివ్వడం లేదు. ఆ పల్లెలో రెండు కుటుంబాలు ఇప్పటికీ అతనికి ఫోన్ చేస్తాయి, ఎప్పుడొస్తారని. అతను వస్తాననీ చెప్పలేడు, రాననీ చెప్పలేడు.

మా కోరిక: రెండేళ్లకు సరిపడా డబ్బు బ్యాంకులో ఉంటే తప్ప ఎవర్నీ పంపకండి. పంపాక ప్రతి నెలా అయిదో తేదీలోపు జీతం వాళ్ల ఖాతాలో పడాలి. కుటుంబానికి ఆరోగ్య బీమా ఉండాలి. మొదటి ఆరు నెలలు భాష నేర్చుకోవడానికే వదిలేయాలి. ఆ ఆరు నెలల్లో ఎంతమందికి బాప్తిస్మం ఇచ్చారని అడగకూడదు. నెల్లూరులో మొదటి పాతికేళ్లు అలా అడిగి ఉంటే మనం లేము. ఈ దంపతులకు బాకీ పడిన 1,52,000 వాళ్లకు ఇవ్వాలి. వాళ్లు మళ్లీ వెళ్లడానికి సిద్ధంగా ఉంటే మొదట వాళ్లనే అడగాలి.

2. విడి ఖాతా. మిషను కానుక, గోడల చందా, కూటాల ఖర్చు అన్నీ ఒకే ఖాతాలో పడుతున్నాయి. ఏది అవసరమైతే దానికి తీస్తున్నారు. ఇందులో దొంగతనం ఉందని నేననడం లేదు. తీసినవాళ్లు మంచి పనికే తీశామనుకుంటారు. కానీ ఒక పేరుతో ఇచ్చిన డబ్బును ఇంకో పేరుతో వాడితే ఇచ్చినవాళ్ల చెయ్యి వెనక్కి వెళ్తుంది. మా సమాజంలో 43 డబ్బాలుండేవి. ఇప్పుడు 11 ఉన్నాయి. ఒక ముసలమ్మ నా ఎదురుగానే డబ్బా బోర్లించి, “ఇక కోడిపిల్లలకు వేస్తాలే” అంది. ఆమెను నేను ఏమని ఒప్పించను?

మా కోరిక: మిషను కానుకకు విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి. చెక్కు మీద రెండు సంతకాలుండాలి, అందులో ఒకటి స్త్రీల సమాజం ప్రతినిధిది కావాలి. మూడు నెలలకోసారి వచ్చిందెంత, పోయిందెంత అని ఆదివారం ఆరాధన తర్వాత చదివి వినిపించి, కాగితం చర్చి గోడకు అంటించాలి. వేరే పనికి వాడిన 2,21,400 ఒక ఏడాదిలో, వాయిదాల మీదైనా సరే, ఆ ఖాతాలోకి తిరిగి రావాలి.

3. పుస్తకాలు. ఇది నాకు బాగా దగ్గరి విషయం, కొంచెం ఎక్కువ రాస్తే ఓర్చుకోండి. మా అక్క కూతురు కువైట్‌లో 11 ఏళ్లు ఇంటి పని చేసింది. ఈ రెండు జిల్లాల నుంచీ, పక్కనున్న కడప నుంచీ ఇంటి పనికి గల్ఫ్ పోయిన ఆడవాళ్లు ఎంతమందో మీకు నేను చెప్పక్కర్లేదు. శుక్రవారం సెలవు దొరికినవాళ్లు కువైట్ సిటీలో తెలుగు ఆరాధనకు వెళ్తారు. సెలవు దొరకనివాళ్లు రాత్రి పదకొండింటికి పని ముగించుకుని, వంటింటి పక్క చిన్న గదిలో ఫోన్ వెలుగులో ఏదైనా చదువుకోవాలనుకుంటారు. వాళ్లలో చాలామంది అయిదో క్లాసు దాటలేదు. మా అక్క కూతురికి ఎవరో ఇచ్చిన కరపత్రం నాకు తెచ్చి చూపించింది. ఇంగ్లీషు నుంచి తెచ్చిన అనువాదం అది. “రక్షణార్థమైన ఆహ్వానము మీ యెదుట ఉంచబడియున్నది” అని ఉంది. “పిన్నీ, ఇదేం చెబుతోంది?” అని అడిగింది. “దేవుడు నిన్ను పిలుస్తున్నాడు” అని చెప్పాను. “ఆ మాటే రాయొచ్చు కదా” అంది.

మన భాషలోకి లేఖనాలు ఎలా వచ్చాయో చూడండి. 1805లో విశాఖపట్నం వచ్చిన మిషనరీలు క్రాన్, డెగ్రాంజ్ దొరలు సువార్తల అనువాదం మొదలుపెట్టినప్పుడు వాళ్ల పక్కన ఆనందరాయరు అనే ఆయన కూర్చున్నారు. పూర్తి తెలుగు బైబిలు 1854 నాటికి గానీ రాలేదు. అంటే అర్ధశతాబ్దం పని. జ్యూయెట్ గారు కూడా తర్వాత ఏళ్ల తరబడి తెలుగు బైబిలు సవరణ మీద కూర్చున్నారు. అనువాదం అంటే ఒక నిఘంటువూ రెండు రాత్రుళ్లూ కాదు. ఇప్పుడు మనం ఏం చేస్తున్నాం? ఇంగ్లీషు వచ్చిన ఒక కుర్రాడికి ఇచ్చి, వారంలో ఫోన్లో తర్జుమా చేయించి, ప్రూఫ్ దిద్దకుండా అచ్చు వేస్తున్నాం. అతనికి డబ్బులూ ఇవ్వం, దేవుని పని కదా అంటాం. ప్రెస్సు వాడికి మాత్రం అడ్వాన్సు ఇస్తాం.

మా కోరిక: అనువాదకుడికి పేజీకి ఇంత అని న్యాయమైన డబ్బు ఇవ్వాలి. అచ్చుకు ముందు రాతప్రతిని మా లాంటి పల్లె స్త్రీల సమాజంలో గట్టిగా చదివించాలి. అర్థం కాని ప్రతి వాక్యాన్నీ మార్చాలి. అక్షరాలు పెద్దవిగా ఉండాలి. చదవలేనివాళ్ల కోసం మన ప్రాంతం వాళ్ల గొంతుతో రికార్డు చేసి ఫోన్లో పంపేలా చేయాలి. వేరేవాళ్ల పుస్తకాన్ని అనువదిస్తే హక్కుదారుల అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి. మేం అనుకున్న రెండు పుస్తకాల్లో ఒకదాని రాతప్రతి ఏడాదిన్నరగా ఒక బీరువాలో ఉంది. దాన్ని మాకు తిరిగి ఇస్తే మేమే చదివి దిద్దుతాం.

4. చట్టం. విదేశీ నిధి తీసుకోవాలంటే విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ కావాలి. 2020 సవరణ తర్వాత ఒక సంస్థకు వచ్చిన విదేశీ నిధిని ఇంకో సంస్థకు ఇవ్వడానికీ వీల్లేదు. బయటి నుంచి ఎవరో పంపుతారు, అప్పుడు చూద్దాం అని కూర్చుంటే పని జరగదు. మన సేవకులకు మన బియ్యమే దిక్కు. ఇక్కణ్నుంచి దేశం బయటికి డబ్బు పంపి ఖర్చు చేయడానికి కూడా ట్రస్టులకు నిబంధనలున్నాయి. కాబట్టి ఆడిటర్ని ముందే అడిగి, రాతపూర్వకంగా సలహా తీసుకుని చేయాలి. గల్ఫ్ దేశాల్లో అక్కడి చట్టం దాటి ఒక్క అడుగు కూడా వేయకూడదు. మనవాళ్ల ఉద్యోగాలు, వీసాలు పోతాయి. అక్కడ మనం అడిగేది మన విశ్వాసులకు మన భాషలో ఆదరణ, అంతే.

5. ఆశ చూపొద్దు. మన మీద బియ్యం కోసం మతం మారారన్న మాట నూట యాభై ఏళ్లుగా ఉంది. దీనికి జవాబు క్లౌ దొరగారు ఎప్పుడో ఇచ్చారు. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించారు. ఆ పని సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపేశారు. తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని. పనులు ముగిశాకే మళ్లీ మొదలుపెట్టారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మనం పంపే సేవకులకు ఈ నియమం మొదటి రోజే చెప్పాలి. వైద్యం, చదువు, సాయం అడిగినవాళ్లకు ఎవరికైనా ఇవ్వాలి. బదులుగా ఏమీ అడగకూడదు. మిషను ఖాతా లెక్కలు గోడకు అంటిస్తే ఊళ్లో మన చర్చికి రానివాళ్లు కూడా వచ్చి చదువుకోవచ్చు. అది మనకు మంచిదే.

6. సేవకులు ఎక్కణ్నుంచి వస్తారు? బోధకులను తయారుచేసే రామపట్నం సెమినరీ నుంచి, మన ఊళ్ల నుంచి ఏటా యువకులు, యువతులు బయటికొస్తున్నారు. వాళ్లకు టౌను చర్చిలే కావాలని పెద్దలు తప్పు పడుతుంటారు. పైన రాసిన పాప సంగతి వాళ్లందరికీ తెలుసు. తెలిశాక ఎవరు వెళతారు? ఇంట్లో తల్లి వెళ్లనిస్తుందా? ముందు వెళ్లినవాళ్లను సరిగా చూసుకుంటే వెనక వచ్చేవాళ్లు వస్తారు. ఆడపిల్లలను కూడా అడగండి. ఒకప్పుడు మన పల్లెల్లో బైబిలు స్త్రీలు, అంటే ఇంటింటికీ వెళ్లి బైబిలు చెప్పిన ఆడవాళ్లు, నడిచి తిరిగినన్ని ఊళ్లు మగ బోధకులు ఎంతమంది తిరిగారు?

ఈ ఆరింటిలో ఒకటో రెండో చేసి మిగతావి మెల్లగా చూద్దామంటే ఒప్పుకుంటాం. ఒకటో అంశంలోని బాకీ మాత్రం మొదట తీరాలి. ఈ ఏడాది కోత పండుగలోపు ఫీల్డ్ కమిటీ కూర్చుని, మా సమాజం నుంచి ఇద్దరిని పిలిచి, మినిట్స్ బుక్కులో రాసి జవాబివ్వాలని అడుగుతున్నాం. పిలవకపోతే జనరల్ బాడీలో లేచి నిలబడి అడుగుతాం. చర్చి మానేయం, కోర్టుకు పోం. ఇది మన ఇల్లు.

మిగతా సంఘాల అక్కచెల్లెళ్లకు ఒక మాట. డబ్బాలు బోర్లించకండి. బియ్యం తీసిపెడుతూనే ఉండండి, నెల నెలా లెక్క రాసుకోండి, ఖాతా విడిగా తెరిచేదాకా డబ్బు మీ సమాజం దగ్గరే ఉంచండి. రసీదు లేకుండా ఒక్క రూపాయి కూడా చెయ్యి మారనివ్వకండి.

పెద్దలారా, నా నోటు పుస్తకాలు మూడూ, రసీదులతో సహా, ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉన్నాయి. ఏ రోజు రమ్మంటే ఆ రోజు పొద్దున్నే బస్సెక్కి తెస్తాను.

ఇట్లు
ఒక పల్లె సంఘపు స్త్రీల సమాజం పూర్వ కోశాధికారి,
కందుకూరు ప్రాంతం